పాఠకుల ప్రశ్నలు: చూసుకునే ఆమె దగ్గర వదిలే పాపకు దుద్దులు ఉంచవచ్చా?

ప్రశ్న: మా పాపకు పదహారు నెలలు. పదకొండో నెలలో మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించాం. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం కాబట్టి ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా పాప మా పక్క వీధిలోని ఒక ఆంటీ ఇంట్లో ఉంటుంది. ఆమె మరో నలుగురు పిల్లలను కూడా చూసుకుంటారు. పది రోజుల క్రితం పాప ఎడమ చెవి దుద్దు గౌను మడతల్లో దొరికింది గానీ దాని శీల ఎంత వెతికినా దొరకలేదు. మర్నాడు ఆంటీ, "దుద్దులు తీసి పంపమ్మా, నాకు భయంగా ఉంది" అన్నారు. మా అత్తగారికి అది నచ్చలేదు. బోసి చెవులతో పంపడం బాగుండదని, రంధ్రాలు పూడుకుపోతాయని, ఆమె తన బాధ్యత తప్పించుకోవడానికే అలా అంటోందని బాధపడుతున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: ముందు దొరకని ఆ శీల సంగతి చూద్దాం. పాప ఎప్పటిలాగే తింటూ, ఆడుకుంటూ ఉంటే, ఒకవేళ మింగినా అది ఈపాటికి చాలావరకు మలంతో బయటికి పోయి ఉంటుంది. అయితే మింగడం ఒక ఎత్తు, ఊపిరిగొట్టంలోకి పీల్చుకోవడం ఒక ఎత్తు. అలా పీల్చుకున్న పిల్లలు మొదట ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గి, తర్వాత కొన్ని రోజులు ఏమీ జరగనట్టే ఉండి, ఆ పైన మానని దగ్గుతోనో పిల్లికూతలతోనో బాధపడతారు. జలుబే అనుకుని సిరప్పులు పోస్తూ పెద్దవాళ్ళు కాలం గడిపేస్తారు. అందుకని పాపను పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి, "దుద్దు శీల కనిపించకుండా పోయింది" అన్న మాట తప్పకుండా చెప్పండి. బంగారం ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి అవసరమైతే తీయిస్తారు.

ఇక మీ ప్రశ్నకు వస్తే, ఆంటీ మాటే సరైనది. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో, 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల పరీక్షా గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే విడి భాగం ఉండకూడదన్నది మన దేశపు ప్రమాణాల్లోనూ ఉన్న నియమం. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి అయింది కూడా. మీ పాప దుద్దూ శీలా కలిపి వేసినా ఆ గొట్టం అడుగున ఒక మూలకు పడి ఉంటాయి. బొమ్మలో ఉంటే అమ్మనివ్వని వస్తువును, మనం ముచ్చటపడి చెవికి పెట్టి పంపుతున్నాం. అది మీ పాప నోట్లోకే వెళ్ళాలని కూడా లేదు. ఐదుగురు పిల్లలున్న గదిలో రెండేళ్ళవాడు పక్క పిల్ల చెవిని లాగుతాడు, ఊడి కిందపడిన దానిని పాకే బిడ్డ ఏరుకుని నోట్లో పెట్టుకుంటుంది, అన్నం తినిపిస్తున్న మనిషికి ఆ క్షణం కనిపించదు.

రేపు స్నానం చేయించేటప్పుడు పాప చెవి తమ్మెను రెండు వేళ్ళతో ముందుకు మడిచి వెనకవైపు చూడండి. శీల చుట్టూ రెండు మూడు వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. పాలు, నూనె, పౌడరు కలిసి గట్టిపడిన పొర కూడా కనిపిస్తుంది. పడుకుని తల అటూ ఇటూ తిప్పుతుంటే దిండుకు ఒరుసుకుని మర వదులవుతుంది. ఊడిపోతుందేమోనని మరీ బిగిస్తే శీల తమ్మెలోకి దిగబడి, చర్మం దాని మీదుగా మూసుకుపోతుంది. అలా దిగబడిన దానిని ఇంట్లో లాగే ప్రయత్నం చేయకుండా డాక్టరు చేత తీయించాలి. చెవి తరచుగా ఎర్రబడి రసి కారుతున్నా, దురద పెడుతున్నా లోహంలో కలిసిన నికెల్‌ను అనుమానించవచ్చు. రెండు గ్రాముల లోపు బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు కాబట్టి, ఆ గుర్తు లేని పిల్లల దుద్దుల విషయంలో అమ్మినవారి మాటే మనకు ఆధారం.

రంధ్రాల గురించి మీ అత్తగారి భయం అర్థం లేనిది కాదు. కుట్టించిన మొదటి ఆరు వారాలు దుద్దులు తీయకూడదు; అందుకే పిల్లను ఇతరుల దగ్గర వదలవలసిన వాళ్ళు, తాము సెలవులో ఉన్న రోజుల్లోనే చెవులు కుట్టించుకోవడం మేలు. మీ పాపకు ఐదు నెలలు గడిచాయి. వారంలో ఐదారు రోజులు తీసి ఉంచితే కొంత సన్నబడవచ్చు, ఎప్పుడైనా పూడినా పెద్దయ్యాక మళ్ళీ కుట్టించవచ్చు. రోజూ తీసి పెట్టడం మాత్రం వద్దు; ఏడుస్తూ తల విదిలించే పిల్లకు పూటపూటా పెడుతుంటే చెవి పుండవుతుంది. ఆదివారాల్లో, పండుగల్లో మీ అత్తగారినే తన చేత్తో పెట్టమనండి, పడుకోబెట్టే ముందు తీసేయండి. రంధ్రం పూడకుండా కొందరు పెట్టే వేపపుల్ల కూడా ఊడి నోట్లోకి వెళ్ళేదే.

ఇంట్లో ఎంతకూ ఒప్పుకోకపోతే, విడి శీల లేకుండా, వేలు దూరనంత చిన్నగా తమ్మెకు ఆనుకుని ఉండే సన్నటి బంగారు తీగ పోగు చేయించండి. ఇది తక్కువ ప్రమాదమే గానీ ప్రమాదం లేనిది కాదు. జూకాలు, వేలాడే రింగులు అసలే వద్దు. పాప మెడలో తాయెత్తు దారం గానీ గొలుసు గానీ ఉంటే దానిని ఈ రోజే తీసేయండి, ఎందుకంటే నిద్రలో ఎక్కడైనా చిక్కుకుని మెడకు బిగుసుకునే ఆ దారం నన్ను దుద్దుల కంటే ఎక్కువ భయపెడుతుంది.

ఆంటీ బాధ్యత తప్పించుకుంటున్నారన్న మాట నాకు బాధ కలిగించింది. దుద్దు పోయిన రోజున అందరి చూపూ ముందు ఆమె మీదికే వెళుతుంది. నెల జీతానికి పిల్లలను చూసుకునే మనిషి మీద బంగారానికి కాపలా భారం కూడా మోపడం న్యాయం కాదు. పోగులతో పంపిన రోజున ఉదయం అప్పగించేటప్పుడు, సాయంత్రం తీసుకునేటప్పుడు, గుమ్మంలోనే ఇద్దరూ కలిసి రెండు చెవులూ చూసుకోండి.

ఆమెకూ మీకూ తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. గొంతుకు ఏదైనా అడ్డుపడినా పిల్ల గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వాలి. దగ్గలేక, ఏడవలేక ఉంటే ముందుకు వంచి భుజాల మధ్య అరచేతి కింది భాగంతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే బొడ్డుకు కాస్త పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కుతూ, ఈ రెంటినీ మార్చి మార్చి చేయాలి, ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము మధ్యన నొక్కాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. మింగేసిందని తెలిస్తే వాంతి చేయించడం, అరటిపండు పెట్టి కిందికి దింపాలని చూడడం రెండూ తప్పే. చొంగ కారుస్తున్నా, తిండి మింగలేకపోతున్నా వెంటనే రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రికో, మీకు దగ్గరలోని పిల్లల ఆసుపత్రికో తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా ఐదేళ్ళ అమ్మాయికి చెవులు కుట్టించలేదు. అయస్కాంతంతో అంటుకునే దుద్దులు కొన్నాం. ఇంట్లో ఏడాదిన్నర బాబు ఉన్నాడు, ఇద్దరినీ ఆయా చూసుకుంటుంది. ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: వద్దు. మామూలు శీల ఒకటి మింగితే చాలావరకు దానంతటదే బయటికి పోతుంది. అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో చిక్కిన పేగు గోడను నొక్కిపెట్టి చిల్లు పెడతాయి. ఆపరేషన్ దాకా వెళుతుంది. వాటిని పారేసే ముందు జతలు సరిపోయాయో లేదో లెక్క చూడండి. ఒక్కటి తగ్గినా, ఆయాను నిలదీయడం కంటే ముందు బాబును ఆసుపత్రికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి.