మార్చిలో ఇంగ్లండ్ వచ్చి గాలం వేయాలనుకునేవాళ్ళకి

గుణుపురం తమ్ముడొకడు అడిగాడు, వచ్చే నెల బర్మింగ్‌హామ్ వస్తున్నాడట, తీసుకున్న ఇంటి వెనకే కెనాల్ ఉందట, చిన్నప్పటి నుంచి వంశధారలో గాలం వేసిన అలవాటు, ఇక్కడ కూడా వేయొచ్చా అని. హాయిగా వేయొచ్చు తమ్ముడూ, కానీ రెండు అనుమతులు ఉండాలి.

మొదటిది సర్కారు రాడ్ లైసెన్స్, అంటే గాలపు కర్రతో చేపలు పట్టడానికి అనుమతి. 13 ఏళ్ళు నిండిన అందరికీ తప్పనిసరి, 16 ఏళ్ళ వరకు పిల్లలకి మాత్రం ఉచితం. ఆన్‌లైన్‌లో ఒక రోజుకి, 8 రోజులకి, ఏడాదికి ఇస్తారు. లేకుండా దొరికితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. రెండోది ఆ నీళ్ళ హక్కుదారుడి పర్మిట్. మన పర్లాకిమిడి వైపు చెరువు పాట పాడుకున్నవాడిని అడగకుండా గాలం వేయం కదా, ఇక్కడ ఆ హక్కు ఏ క్లబ్బుకో కౌన్సిల్‌కో ఉంటుంది. గట్టు మీద బోర్డు చూడు, లేదా దగ్గర్లో గాలాల సామాను అమ్మే షాపులో అడుగు, వాళ్ళకి అన్నీ తెలుసు.

మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నదుల్లో మామూలు చేపలకి, అంటే సాల్మన్, ట్రౌట్ లాంటివి కానివాటికి, గాలం నిషేధం. కెనాళ్ళు, పార్కు చెరువులు చాలావరకు తెరిచే ఉంటాయి, అయినా బోర్డు చదివాకే మొదలుపెట్టు.

ఇక చేప సంగతి, ఇక్కడ కార్ప్ అంటే మనం బంగారు తీగ అనేదే. మనకి తెల్లవారుజామున వెళ్ళడం అలవాటు గానీ, ఈ చలి నీళ్ళలో అది పనికిరాదు. నీళ్ళు పది డిగ్రీలకి దగ్గరపడితే గానీ అవి సరిగ్గా మేతకి కదలవు, కాబట్టి రెండు మూడు రోజులు వరసగా ఎండ కాసాక, మధ్యాహ్నం దాటి వెళ్ళు. ఇక్కడ సూర్యుడు దక్షిణాన కిందగా ఉంటాడు, అందుకే చెరువుకి ఉత్తరపు గట్టు ముందు వెచ్చబడుతుంది, అక్కడ లోతు తక్కువగా, రెల్లు పక్కన ఉన్న చోటు చూసుకో. కెనాల్ అయితే కట్టేసిన పడవల కింద, అవతలి గట్టు పొదల నీడలో ఉంటాయి. గాలం వేసే ముందు కాసేపు ఊరికే నీళ్ళు చూడు, బుడగలు లేచినా, వీపు తేలినా అక్కడే వెయ్యి. తవుడు ముద్దలు గుప్పిళ్ళతో విసరొద్దు, చల్లటి నీళ్ళలో చేప కొంచెమే తింటుంది, గాలానికి రెండు స్వీట్‌కార్న్ గింజలు, చుట్టూ ఇంకో పది చాలు.

పట్టిన చేపని ఇంటికి తీసుకెళ్ళకూడదు. ఇది మనవాళ్ళకి మింగుడుపడదని నాకు తెలుసు, కానీ ఇక్కడ హక్కుదారుడి అనుమతి లేకుండా తీసుకెళ్ళడం నేరం, ఆ ఒక్క పనితో మనవాళ్ళందరినీ అనుమానంగా చూస్తారు. కొన దగ్గర ఎదురు ముల్లు లేని గాలం, పెద్ద చేతివల, పడుకోబెట్టడానికి తడిపిన మెత్తటి మ్యాట్ పెట్టుకో, చేతులు తడుపుకునే చేపని ముట్టుకో. పులుసుకి శీలావతి కావాలంటే బంగ్లాదేశీ షాపుల్లో ఫ్రోజెన్‌ది దొరుకుతుంది.

ఇక్కడి గాలపు కర్రలు ఎక్కువగా కార్బన్‌వి, కరెంటు పాకుతుంది, కాబట్టి కరెంటు తీగల దగ్గర అస్సలు ఎత్తొద్దు. ఇక్కడ ఊళ్ళ మధ్య ఉన్న నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది, చేతికి గాయం ఉంటే ప్లాస్టర్ వేసుకో, కడుక్కున్నాకే తిను. తర్వాత జ్వరం వస్తే డాక్టర్‌కి కెనాల్ సంగతి తప్పకుండా చెప్పు.