బైక్‌కు స్పీకర్లు బిగిస్తే చలాన్ నిలుస్తుందా?

ప్రశ్న: నాది 150 సీసీ బైకు. కొని ఏడాదిన్నర అయింది, వారంటీ ఉంది. రెండు వేల లోపు ఖర్చుతో బ్లూటూత్ ఆంప్, రెండు స్పీకర్లు పెట్టించాలనుకుంటున్నాను. మెకానిక్ హెడ్‌లైట్ వైరు నుంచి కరెంటు లాగుతానంటున్నాడు. ఇలాగే బిగించుకున్న మా ఫ్రెండ్‌కు ‘మాడిఫికేషన్’ అని చలాన్ రాశారు. ఇది నిజంగా నేరమా? ఇన్సూరెన్స్‌కు ఏమైనా ఇబ్బందా? – ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు మీ ఫ్రెండ్ చలాన్ మీద ఏ సెక్షన్ వేశారో చూడండి. ‘మాడిఫికేషన్’ అన్న మాటకు విలువ లేదు, సెక్షన్ నంబరుకే ఉంది.

బండి మార్పుల గురించి చెప్పేది మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అందులో ఉంది. ఆర్టీవో వర్సెస్ కె. జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అయితే ‘మార్పు’ అంటే ఏమిటో ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది: బండి మౌలిక లక్షణం మారిపోయేలా నిర్మాణంలో చేసే మార్పు. బోల్టులతో బిగించి మళ్లీ విప్పేయగలిగే నాలుగంగుళాల స్పీకరుతో ఇంజిన్ మారదు, ఛాసిస్ మారదు, ఆర్సీలో ఒక్క గడీ కూడా మారదు. కాబట్టి స్పీకరు బిగించడమే సెక్షన్ 52 ఉల్లంఘన అనడం కష్టం. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4)లో ‘రెట్రోఫిటింగ్’ (బండికి తర్వాత విడిభాగాలు బిగించడం) అనే మాట ఉంది. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అది కూడా చట్టం అనుమతించని పద్ధతిలో చేస్తేనే. ఫ్రేమ్‌కు వెల్డింగ్ పెట్టించినా, ఇండికేటర్‌ను గానీ నంబరు ప్లేటును గానీ స్పీకరు డబ్బా కప్పేసినా మీ వాదన పలచబడిపోతుంది. వెల్డింగ్ వద్దు, క్లాంపులే వాడించండి. బిగించాక హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, డబ్బా ట్యాంకుకు గానీ కేబుళ్లకు గానీ తగలడం లేదని చూసుకోండి.

అసలు చిక్కు బిగించడంలో లేదు, మోగించడంలో ఉంది. 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు చాలామంది అనుకున్నదానికన్నా కఠినమైనవి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకరే కాదు, ‘సౌండ్ యాంప్లిఫయర్’ కూడా వాడకూడదని వాటిలో స్పష్టంగా ఉంది. మీరు కొనబోయే చిన్న బోర్డు పేరే యాంప్లిఫయర్ కాబట్టి తప్పించుకునే దారి లేదు. సైలెన్స్ జోన్ అంటే ఆసుపత్రి, విద్యాసంస్థ, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతం. అక్కడ పాట పెట్టడమే తప్పు, పగలా రాత్రా అన్న తేడా కూడా లేదు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వెళుతుంది. ఈ పరిమితిని 10 డెసిబెల్స్ దాటితే వీధిలో ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ఈ నియమాల వెనకున్న పర్యావరణ పరిరక్షణ చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి జైలు శిక్ష తీసేశారు. దాని బదులు 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు. బైకు పాటకు అంతదూరం వెళ్లడం అరుదు. పోలీసులు ఎక్కువగా రాసేది మోటారు చట్టంలోని 190(2), అంటే శబ్ద ప్రమాణాల ఉల్లంఘన. దానికి మొదటిసారి 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సుపై మూడు నెలల అనర్హత. స్పీకర్లతోపాటు సైలెన్సర్ కూడా మార్పించుకుంటే ఈ సెక్షన్ నుంచి బయటపడటం దాదాపు అసాధ్యం.

ఇక మీ మెకానిక్ మాట. హెడ్‌లైట్ వైరు ముట్టుకోనివ్వకండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బైకుల్లో ఇంజిన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ సన్నని వైరు మీద ఎప్పుడూ లోడు ఉంటుంది. దానికి ఆంప్ కూడా తగిలిస్తే కనెక్టరు వేడెక్కి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పాటలో ఇంజిన్ స్పీడుతోపాటు పెరిగే కీచుమోత కూడా వినిపిస్తుంది. పైగా కంపెనీ వైరు కోసిన గుర్తు కనిపిస్తే ఎలక్ట్రికల్ వారంటీ ఇవ్వబోమని సర్వీస్ సెంటర్ చెప్పేస్తుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా ఆ కోసిన వైరు మీకు ఎదురు సాక్ష్యమే.

సరైన పద్ధతి పెద్ద ఖర్చేమీ కాదు. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా 1 చదరపు మి.మీ. రాగి వైరు తీసుకోండి. బ్యాటరీకి జానెడు దూరంలోపే 5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు, ఆ తర్వాత నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) పెట్టించండి. రిలే కాయిల్‌కు మాత్రం తాళం తిప్పితే కరెంటొచ్చే వైరు నుంచి కనెక్షన్ ఇవ్వాలి, అదీ కోయకుండా ట్యాప్ కనెక్టరుతో. ఆంప్ నెగెటివ్‌ను ఫ్రేమ్‌కు కాకుండా నేరుగా బ్యాటరీ మైనస్‌కు కలిపితే కీచుమోత చాలావరకు పోతుంది. తాళం తీయగానే రిలే ఆగుతుంది కాబట్టి బ్యాటరీ దిగిపోదు. అతుకుల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయకుండా హీట్ ష్రింక్ గొట్టం తొడిగించండి. మన ఎండకు టేపు జిగురు కారిపోతుంది.

వాట్ల లెక్కలో షాపువాళ్ల మాట నమ్మకండి. డబ్బా మీద 600 వాట్లని ఉన్నా, 12 వోల్టులతో 4 ఓమ్‌ల స్పీకరుకు అలాంటి ఆంప్ నిజంగా ఇవ్వగలిగేది దాదాపు 18 వాట్లు, ఇంజిన్ నడుస్తూ 14 వోల్టులు ఉంటే సుమారు 24. రెండు వైపులా 15 వాట్లిచ్చే క్లాస్-డి బోర్డు చాలు. ఫుల్ వాల్యూమ్‌లో అది లాగేది 3 ఆంపియర్లే, అందుకే 5 ఆంపియర్ల ఫ్యూజు. స్పీకర్లలో కాగితం కోన్ వద్దు, ఒక్క వానాకాలం కూడా నిలవదు. పాలీప్రొపిలీన్ కోన్ తీసుకోండి. బోర్డు, స్పీకర్లు, ఫ్యూజు, రిలే, వైరు అన్నీ కలిపి మీ రెండు వేలలో సర్దుకోవచ్చు. ఆ ‘600 వాట్స్’ స్టిక్కరు మాత్రం పీకేయండి. చెక్ పోస్టు దగ్గర మీమీద మీరే రాసిచ్చిన ఫిర్యాదులా ఉంటుంది అది.

వేగం పెరిగాక హెల్మెట్ లోపల గాలి హోరు 90 డెసిబెల్స్ దాకా వెళుతుంది. దాన్ని మించి పాట వినపడాలంటే వాల్యూమ్ ఎంత పెంచాలో, ఆ మోత పక్కవాళ్ల చెవుల్లో ఎలా పడుతుందో మీరే ఊహించండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాల్యూమ్ తగ్గించకపోవడం వల్లే సగం చలాన్లు. హ్యాండిల్ దగ్గర వాల్యూమ్ బటన్ పెట్టించుకోండి. పాట మార్చడానికి నడుస్తున్న బండి మీద ఫోన్ చేత్తో పట్టుకుంటే సెక్షన్ 184 పడుతుంది. జరిమానా వెయ్యి నుంచి ఐదు వేలు, జైలు శిక్షకూ వీలుంది. స్పీకరు అమర్చుకోవడానికి హెల్మెట్ లోపలి థర్మోకోల్ పొరను చెక్కడం మాత్రం అసలు చేయకండి. దెబ్బను తట్టుకునేది ఆ పొరే. అన్నట్టు, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో 20 వేల జరిమానా అని 2023లో వాట్సాప్‌లో తిరిగినది నిజం కాదని రవాణా శాఖే ఖండించింది.

ఇన్సూరెన్స్ సంగతి రెండు వేరు వేరు విషయాలు. ఎదుటివాళ్లకు జరిగిన నష్టం విషయంలో సెక్షన్ 150 కింద కంపెనీకి ఉన్న అభ్యంతరాలు కొన్నే. మీరు స్పీకర్లు పెట్టుకున్నారన్నది అందులో లేదు. మీ సొంత బండికి నష్టం జరిగితే కథ వేరు. షార్ట్ సర్క్యూట్‌తో మంట వస్తే సర్వేయర్ ముందు చూసేది ఫ్యూజు లేని అతుకు కోసమే. క్లెయిమ్ పూర్తిగా కొట్టేస్తే అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పిన ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో (షరతు ఉల్లంఘన ఉన్నా క్లెయిమ్‌లో కొంత భాగం ఇవ్వడం) 75 శాతం దాకా ఇవ్వాలని వాదించవచ్చు. అంతదాకా రానివ్వకుండా బిల్లు జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి. కంపెనీ అమర్చని ఎలక్ట్రికల్ ఫిట్టింగులకు విడిగా ఐఎంటీ-24 ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా జతచేసే నిబంధన) ఉంది. పాత టారిఫ్‌లో దానికి అదనపు ప్రీమియం విలువ మీద 4 శాతం, అంటే మీ రెండు వేలకు 80 రూపాయలు. మీది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే ఈ సౌకర్యం ఉండదు.

చివరగా మీ ఫ్రెండ్ చలాన్. ఒకసారి డబ్బు కట్టేస్తే సెక్షన్ 200 కింద రాజీ అయినట్టే, ఆ తర్వాత వాదించడానికి ఏమీ మిగలదు. ఆ రాజీ మొత్తాన్ని నిర్ణయించేది రాష్ట్రం, అందుకే ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఒకే తప్పుకు రేట్లు ఒకటి కావు. 182ఏ(4) వేసి ఉంటే కట్టకుండా కోర్టులో తేల్చుకోమనండి. ఆర్సీ కాపీ, స్పీకరు బోల్టులతో విప్పదీయగలిగేలా ఉందని చూపే ఫొటోలు, కొన్న బిల్లు దగ్గర పెట్టుకుంటే చాలు. 190(2) అయితే శబ్దాన్ని మీటరుతో కొలిచారా, రీడింగ్ ఎంత వచ్చింది అని అడగాలి. చలాన్‌కు జతచేసిన ఫొటోలో స్పీకరు కనబడుతుంది తప్ప మోత వినబడదు. అయితే చలాన్ సమయం రాత్రి 10 తర్వాతదైనా, స్థలం ఆసుపత్రి ముందైనా, ఈ వాదనలేవీ పెట్టుకోకుండా డబ్బు కట్టేయమనండి.