దగ్గుకు అడ్డసరం: పచ్చి ఆకు దంచితే రసం రావడం లేదేం?

ప్రశ్న: మావారికి వారంగా కళ్లె దగ్గు. అడ్డసరం ఆకు తెచ్చి రోట్లో దంచినా రసం రాలేదు. ఎలా తీయాలి? మూడో నెల గర్భిణి అయిన మా అమ్మాయికీ ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముందు రెండో ప్రశ్న. మీ అమ్మాయికి వద్దు, ఒక్క చెంచా కూడా. అడ్డసరంలోని వాసిసిన్ అనే రసాయనం గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. కళ్లెను పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ మందుకు మూలం కూడా ఈ వాసిసినే.

పచ్చి ఆకు పిండితే రసం రాదు, పిప్పే మిగులుతుంది. అందుకే పాతవాళ్లు ఆకును ముద్ద చేసి, మట్టి పూసి నిప్పుల్లో కాల్చి పిండేవారు. మీకు ఇడ్లీపాత్ర చాలు. ముదురాకులు 15 కడిగి, పది నిమిషాలు ఆవిరి పట్టి, వేడిమీదే దంచి పలుచని గుడ్డలో పిండండి. నీళ్లు కలపకండి. రెండు చిన్న చెంచాల రసం చల్లారాక చెంచా తేనె కలిపి, రోజుకు రెండుసార్లు తిన్నాక ఇవ్వండి. చేదు మామూలుగా ఉండదు! మోతాదు మించితే వాంతులు, విరేచనాలు. రసం ఏ పూటకాపూట తీయాలి, నిలవ ఉంచితే పులుస్తుంది.

మొక్కను పోల్చుకోవడానికి పువ్వు చూడండి: తెల్లగా, పెదవులు విప్పినట్టు, లోపల ఊదా గీతలతో ఉంటుంది. ఆకును మేకలు కూడా ముట్టవు.

ఆయనకు షుగరుంటే తేనె మానండి. దగ్గు రెండు వారాలు దాటినా, కళ్లెలో రక్తం కనిపించినా, ఆయాసం వచ్చినా రసం ఆపి ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించండి. టీబీ పరీక్ష అక్కడ ఉచితం.