వేపచెట్టు సంగతి

తమ్ముడూ,

కథ చేరింది. రెండుసార్లు చదివాను. తాత పోయాక "ఇంటి ముందు వేపచెట్టు సింబాలిక్‌గా ఎండిపోయింది" అని రాశావే, అక్కడ నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. చెట్టు చెద పట్టి ఎండుతుంది, నీళ్లందక ఎండుతుంది. సింబాలిక్‌గా ఎండిన చెట్టును నేనింతవరకూ చూడలేదు.

ఇంగ్లీషులో 'సింబాలిక్లీ' రెండు పనులకు వాడతారు. ధర్నాలో దిష్టిబొమ్మ తగలబెడతారు చూడు, అది ఒకటి. అక్కడ 'ప్రతీకాత్మకంగా' సరిపోతుంది. రెండోది, పేరుకు మాత్రమే అనే అర్థం. 2020లో కోర్టు ధిక్కారం కేసులో న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌కు సుప్రీంకోర్టు ఒక్క రూపాయి జరిమానా వేసింది. దాన్ని ఇంగ్లీషులో సింబాలిక్ అన్నా మనకు అది నామమాత్రపు జరిమానానే. కుర్రతనంలో ఓ పత్రికకు అనువాదాలు చేస్తూ ఇలాంటి చోటల్లా 'ప్రతీకాత్మకంగా' అని దించేసేవాణ్ణి. "ఈ రూపాయి దేనికయ్యా ప్రతీక?" అని సబ్ఎడిటర్ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండర్థాలూ కలిసిపోయి చిక్కు తెచ్చే చోట్లూ ఉంటాయి. 1930 ఏప్రిల్ 6న దండి తీరంలో గాంధీ సింబాలిక్‌గా ఉప్పు తీశాడంటే, ఏదో పేరుకు తీశాడేమో అనిపిస్తుంది. కానీ ఆ ఉప్పు నిజం, దాని మీద పన్ను నిజం, మరుసటి నెల అరెస్టూ నిజమే. అది ముందు ఉప్పు కాబట్టే జనం కూడా తీయగలిగారు.

ఈ మాట మూలం గ్రీకు 'సింబొలోన్'. ఒక బిళ్లను రెండుగా విరిచి చెరో ముక్కా దాచుకునేవాళ్లు, మళ్లీ కలిసినప్పుడు అతికించి గుర్తుపట్టేవాళ్లు. కథలో రెండో ముక్క పాఠకుడి దగ్గరుంటుంది. 'సింబాలిక్‌గా' అని రాసి నువ్వు రెండూ అతికించి చేతిలో పెట్టేశావు, ఇక అతనికేం పని?

ఆ మాట కొట్టేయి. తాత రోజూ ముఖం కడుక్కున్న చెంబు నీళ్లు ఆ చెట్టు మొదట్లోనే పోసేవాడని మొదటి పేజీలో ఒక్క వాక్యం పెట్టు. తర్వాత ఆ చెంబు ఎక్కడుందో చెప్పు, చాలు.

ఇంకోటి. తాత మాఘంలో పోయాడని రాశావు. ఆ తర్వాత వేప ఎలాగూ ఆకు రాలుస్తుంది, ఉగాదికి పూత పట్టేస్తుంది. నీ చెట్టు నిజంగా ఎండిందా, ఆకు రాల్చిందా? ఒకసారి ఊరెళ్లి చూసి రాయి.

ఉంటాను,
మీ అన్నయ్య