టెక్ సందేహాలు: ఫ్యాను మితిమీరి తిరిగితే ముందు మెయిన్ ఆపండి

గాలివానకు కరెంటు పోయి, అర్ధగంటకు వచ్చింది. రాగానే లైట్లు కళ్లు చెదిరేలా వెలిగాయి, ఫ్యాను విపరీతమైన స్పీడుతో తిరిగింది. రెండు నిమిషాల్లో టీవీ, సౌండ్‌బార్ రెండూ పోయాయి. రెండూ స్పైక్ బస్టర్‌కే పెట్టి ఉన్నాయి. కొత్త టీవీకి స్టెబిలైజర్ కొంటే సరిపోతుందా? – ఒక పాఠకుడు, మధిర

మీరు చెప్పిన గుర్తులన్నీ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగినప్పటివే. వీధి లైనులో మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. సింగిల్ ఫేజ్ ఇంటికి వచ్చేది ఒక ఫేజు, న్యూట్రల్; వాటి మధ్య 230 వోల్టులు. ఫేజుకూ ఫేజుకూ మధ్య మాత్రం సుమారు 400 ఉంటుంది. స్తంభం మీద న్యూట్రల్ తెగినా, జాయింటు వదులైనా వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఆ 400 వోల్టులను పంచుకోవాల్సి వస్తుంది. ఆ పంపకం సమంగా జరగదు. లోడు ఎక్కువున్న వైపు బల్బు మిణుకుమిణుకుమంటుంది, తక్కువున్న వైపు వోల్టేజీ 300 కూడా దాటిపోవచ్చు. ఆ సమయంలో ఇరుగుపొరుగు ఇళ్లలో ఎక్కడైనా లైట్లు డల్‌గా వెలిగాయేమో కనుక్కోండి. వెలిగితే ఇక అనుమానం అక్కర్లేదు.

స్పైక్ బస్టర్ ఆపగలిగేది ఇది కాదు. అందులో చొక్కా గుండీ అంత బిళ్ల ఒకటి ఉంటుంది, ఎంఓవీ అంటారు. కన్నుమూసి తెరిచేలోపు వచ్చి పోయే స్పైకును అది మింగేస్తుంది. నిమిషాల తరబడి 300 వోల్టులు నిలిస్తే ముందు అదే కాలిపోతుంది. పైగా ఆ పేరుతో అమ్మే చవక బోర్డులు చాలావాటిలో ఎర్రలైటు, స్విచ్, ఫ్యూజు తప్ప ఏమీ ఉండవు. డబ్బా మీద జూల్స్ లెక్క (ఎంత స్పైకును మింగగలదో చెప్పే అంకె) రాసి లేకపోతే దాన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డు కిందే జమకట్టండి.

ఇక స్టెబిలైజర్. కొత్త టీవీ వెనక స్టిక్కర్ చూడండి. 100-240 వోల్టులు అని ఉంటే లో వోల్టేజీకి టెన్షన్ పడక్కర్లేదు, టీవీ లోపలి సప్లయే సర్దుకుంటుంది. మీకు కావాల్సింది వోల్టేజీ పెరిగినప్పుడు కరెంటు కట్ చేసే పరికరం. స్టెబిలైజరే కొనాలనుకుంటే ‘హై కటాఫ్’ ఉందో లేదో షాపులో అడిగి మరీ తీసుకోండి. నన్నడిగితే ఆ డబ్బుతో మెయిన్ బోర్డులో, ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) పక్కన ఓవర్-అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ పెట్టించమంటాను. 270 దగ్గర సెట్ చేస్తే అది దాటగానే ఇంటి మొత్తానికి సప్లై ఆపేస్తుంది, మామూలు స్థితికి వచ్చాక కాస్త ఆగి మళ్లీ ఇస్తుంది. ఫ్రిజ్జు, మోటారు కూడా గట్టెక్కుతాయి. ఇంటి లోడుకు తగిన ఆంపియర్లది ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి.

మళ్లీ ఎప్పుడైనా లైట్లు అలా వెలిగితే వెంటనే మెయిన్ ఆపి, 1912కు ఫోన్ చేయండి. పోయిన టీవీని మాత్రం తొందరపడి పాత సామాన్లకు వేయకండి. ఇలాంటి కేసుల్లో పవర్ బోర్డు ఒక్కటే కాలి, ప్యానెల్ బాగానే ఉండే అవకాశం ఉంది. ముందు మెకానిక్‌కు చూపించండి.

ఉరుములప్పుడు టీవీ స్విచ్ ఆపేస్తే చాలదా? – ఒక పాఠకురాలు, పాడేరు

చాలదు. స్విచ్ లోపలి ఖాళీ కొన్ని మిల్లీమీటర్లే, పిడుగుకు అదొక అడ్డు కాదు. ప్లగ్గు పీకండి. దాంతోపాటు సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ లేదా డిష్ వైరు, ఇంటర్నెట్ రూటర్ నుంచి టీవీకి వచ్చే వైరు కూడా తీసేయండి. ప్లగ్గు తీసినా హెచ్‌డీఎంఐ పోర్టు కాలిందంటే సర్జ్ (ఒక్కసారిగా ఎగసిపడే వోల్టేజీ) సాధారణంగా ఈ దారుల్లోనే వచ్చి ఉంటుంది. ఇవన్నీ మబ్బు పట్టినప్పుడే చేయాలి. ఉరుములు మొదలయ్యాక వైర్లు ముట్టుకోవద్దు.

ఆంప్లిఫయర్‌లో గుయ్‌మని శబ్దం. మూడో పిన్ను తీసేస్తే ఆగింది. అలాగే ఉంచొచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

వద్దు. అది ఎర్త్ పిన్ను. లోపల ఫేజు వైరు బాడీకి తగిలితే మిమ్మల్ని కాపాడేది అదే. పిన్ను మళ్లీ పెట్టించి, సెట్‌టాప్ బాక్సు నుంచి కేబుల్ వైరు విప్పి చూడండి. శబ్దం ఆగితే గోల అక్కడినుంచే, ఆ వైరు వెంట వచ్చే ఎర్త్ కరెంటే కారణం. అప్పుడు టీవీకి, ఆంప్లిఫయర్‌కు మధ్య ఉన్న ఆడియో, హెచ్‌డీఎంఐ వైర్లు తీసేసి ఆప్టికల్ కేబుల్ వేయండి. అందులో వెలుతురే ప్రయాణిస్తుంది కాబట్టి ఎర్త్ కరెంటుకు దారి ఉండదు. కేబుల్ విప్పినా ఆగకపోతే టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్లిఫయర్ మూడింటినీ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఇంటి ఎర్తింగ్ ఒకసారి చెక్ చేయించండి.