కెమెరాకు అదనపు వారంటీ అవసరమా?

ప్రశ్న: కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొంటున్నాను. కంపెనీ వారంటీ ఏడాది ఉంది. ఇంకో రెండేళ్లు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే మూడేళ్ల దాకా టెన్షన్ ఉండదని షాపులో అంటున్నారు. దానికి కెమెరా ధరలో 15 శాతం అడుగుతున్నారు. చేతిలోంచి ఎక్కడ జారిపడుతుందోనన్నదే నా భయం. సెలవు రోజుల్లో ఫంక్షన్లకు ఫొటోలు తీసి కొంత సంపాదిస్తుంటాను కూడా. తీసుకోమంటారా?

జవాబు: మీ భయం ఒకటి, వాళ్లు అమ్ముతున్నది ఇంకొకటి.

ఎక్స్‌టెండెడ్ వారంటీ చాలావరకు కంపెనీ వారంటీకి కొనసాగింపే. కెమెరా దానంతట అది చెడిపోతే, అంటే షట్టర్ పనిచేయకపోయినా, స్క్రీన్ వెలగకపోయినా, లోపలి బోర్డు పోయినా బాగుచేయిస్తారు. కింద పడినా, తడిసినా, లోపలికి ఇసుక వెళ్లినా చేయించరు. వాటికి 'యాక్సిడెంటల్ డ్యామేజ్' పేరుతో వేరే ప్లాన్ ఉంటుంది, దాని రేటు వేరు. మీకు చెప్పింది ఏ ప్లానో ముందు తేల్చుకోండి. సెన్సర్ మీద దుమ్ము, లెన్స్‌లో ఫంగస్, బలహీనపడిన బ్యాటరీ వంటివి సాధారణంగా రెండింట్లోనూ ఉండవు. విడిగా కొన్న లెన్స్‌కు బాడీ మీద తీసుకున్న వారంటీ వర్తించదు.

పేచీ ఎక్కువగా వచ్చేది ఇక్కడే: జూమ్ బయటికొచ్చి ఇరుక్కుపోయింది. మామూలుగా వాడుతుంటేనే ఆగిపోయిందని మీరంటారు. సర్వీస్ సెంటర్లో మాత్రం అంచున చిన్న సొట్ట చూసి 'ఫిజికల్ డ్యామేజ్' అని రాస్తారు. క్లెయిమ్ అక్కడితో సరి. ఆ సొట్ట ఏడాది కిందటిదైనా సరే, దానికీ జూమ్‌కూ సంబంధం లేదని నిరూపించడం మీ వల్ల అయ్యే పని కాదు. కెమెరా రిపేరుకు ఇచ్చేముందు అన్ని వైపులా ఫొటోలు తీసి పెట్టుకుంటే, కనీసం వాళ్ల దగ్గర పడ్డ దెబ్బ మీ నెత్తిన పడదు.

మీ విషయంలో ఇంతకంటే పెద్ద చిక్కు సంపాదన. చాలా ప్లాన్లు సొంత వాడకానికే పరిమితం. డబ్బు తీసుకుని ఫొటోలు తీస్తే అది వాణిజ్య వాడకం కిందికి వస్తుంది, ఆ కారణంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చు. కౌంటర్ దగ్గర ఈ సంగతి ఎవరూ అడగరు. అడిగేది క్లెయిమ్ రోజునే!

ఇక లెక్క. కెమెరా ధర 100 అనుకుంటే వారంటీకి 15 కడుతున్నారు. రిపేరు వస్తే 40 అవుతుందనుకుందాం. ఆ 15 గిట్టుబాటు కావాలంటే, రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో ఇలాంటి కెమెరాలు మూడింటిలో ఒకటికి మించి పాడవ్వాలి. తయారీ లోపాలు చాలావరకు మొదటి నెలల్లోనే బయటపడతాయి, వాటిని ఎలాగూ కంపెనీయే చూసుకుంటుంది. రిపేరు ఖర్చు మరీ ఎక్కువైతే చాలా ప్లాన్లలో బాగుచేయించరు. అలాంటి మోడల్ ఇంకొకటో, తరుగు తీసేసి కొంత డబ్బో ఇచ్చి ప్లాన్ ముగిస్తారు. మీరు కట్టిన ధర మొత్తం తిరిగొస్తుందనుకోవద్దు.

బిల్లు మీద షాపు పేరున్నా, చాలాసార్లు ఈ ఖర్చు భరించేది వేరే వారంటీ సంస్థ. షాపు మూతపడితే ఎవరి దగ్గరికి వెళ్లాలో కాగితం మీద ఉండాలి. కంపెనీ వారంటీలో కెమెరా మార్చి ఇస్తే సీరియల్ నంబరు మారుతుంది. ఆ నంబరు ప్లాన్‌లో కూడా మార్పించుకోకపోతే తర్వాత క్లెయిమ్‌కు ఇబ్బంది.

నేనైతే ఈ ప్లాన్ తీసుకోను. ఆ 15 శాతాన్ని రిపేర్ల కోసమని విడిగా దాచేస్తాను. రెండేళ్లలో ఏమీ కాకపోతే అది మంచి లెన్స్‌కు పనికొస్తుంది. జారిపడుతుందన్న భయానికి సరైన మందు కెమెరా బీమా. వాణిజ్య వాడకానికీ వర్తించే పాలసీ దొరుకుతుందేమో చూడండి, ప్రతి క్లెయిమ్‌లో మీ జేబులోంచి ఎంత పెట్టుకోవాలో అడగండి. కార్డుతో కొంటుంటే ఆ కార్డుకు అదనపు వారంటీ సదుపాయం ఉందేమో కూడా ఓసారి చూసుకోండి, కొన్నింటికి ఉంటుంది.

షాపువాళ్లు మరీ బలవంతపెడితే ఒక్క మాట అడగండి: 'కింద పడితే రిపేరు చేయిస్తామని, డబ్బులకు ఫొటోలు తీసినా వర్తిస్తుందని రాసిస్తారా?' రాసిస్తే నాకు మళ్లీ రాయండి, అప్పుడు లెక్క మారుతుంది.