సవరం తీయబోయే మేనకోడలికి

అమలాపురం,
ఆషాఢం చివరి ఆదివారం

కోడలా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. భీమవరంలో గది అద్దెకు తీసుకున్నావట. శ్రావణ శుక్రవారం నాడు పార్లర్ తెరుస్తావట. బోర్డు మీద ‘హెయిర్ ఎక్స్‌టెన్షన్లు పెట్టబడును, తీయబడును’ అని రాయిస్తున్నావట. ‘పెట్టబడును’ దాకా విని సంబరపడ్డాను. ‘తీయబడును’ అనేసరికి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే నేను అరుస్తాను, నువ్వు ‘సరే అత్తా, సరే అత్తా’ అంటూ పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను. ఇది మీ నాన్నకు చూపించకు.

మా అమ్మమ్మకు ఒక సవరం ఉండేది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఉండ చుట్టి, గోడ సందులో దాచి, చాలినన్ని పోగయ్యాక కట్టించుకుంది. పెళ్లికి పెట్టుకుని వెళ్లడం, రాత్రి ఇంటికి రాగానే విప్పి కాగితంలో చుట్టి రేకుపెట్టెలో పెట్టడం, అంతే. ముడి విప్పితే ఊడి వచ్చేది. మీ ఎక్స్‌టెన్షన్ కూడా సవరమే. పెట్టుకున్న మనిషి దానితోనే పడుకుంటుంది, తలంటు పోసుకుంటుంది, నెలల తరబడి తిరుగుతుంది. సొంత జుట్టు రోజూ ఆ బరువు మోస్తూనే ఉంటుంది. అమ్మమ్మ చూసి ఉంటే దిష్టి తీసేది.

తీసే పద్ధతులు హైదరాబాదులో నీకు నేర్పే ఉంటారు కాబట్టి పొడిగించను. జిగురు టేపుతో అంటించినది అయితే అతుకు మధ్యకు రిమూవర్, అదే జిగురు వదిలించే మందు, ఇంకనిచ్చి, రెండు ముక్కలూ వాటంతట అవి విడిపోయేదాకా ఆగు. చిన్న రింగు నొక్కి బిగించినది అయితే అణిగి ఉన్న వైపు కాకుండా అడ్డంగా నొక్కి గుండ్రం చెయ్యి. కుట్టినది అయితే దారమే కత్తిరించు, కత్తెర మొన కంటికి కనిపించకపోతే ఆ కత్తిరింపు మానెయ్యి. కెరాటిన్ బాండు, అంటే కెరాటిన్ జిగురును వేడితో కరిగించి అంటించినది అయితే రిమూవర్ వేసి, ప్లయర్స్‌తో నలిపి, పిండిలా రాలాక కిందికి జార్చు. ఏ జిగురు వాడారో తెలియకపోతే ముందు వెనకవైపు ఒక్క పాయ మీద వేసి చూడు.

ఇంకో మాట, నవ్వకు. ఆ బాండ్లు తీసే మందుల్లో చాలావాటిలో ఆల్కహాల్ గానీ అసిటోన్ గానీ ఉంటుంది. నిప్పు తగిలితే రెండూ భగ్గుమంటాయి. శ్రావణ శుక్రవారం నాడు తెరుస్తున్నావు, లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టకుండా ఉండవు. పెట్టు. ఆ దీపం కొండెక్కాకే రిమూవర్ సీసా మూత తియ్యి. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించకు, ఫోను లైటు పెట్టుకో. ఏసీ చల్లదనం పోతుందని కిటికీలు మూసేయకు. గోళ్ల రంగు తుడిచిన దూది మీద అగ్గిపుల్ల పడితే ఎలా ఉంటుందో మా పార్లర్‌లో ఒకసారి చూశాను. అరచేయంత మంట, అంతే. ఇప్పటికీ అగ్గిపెట్టె చప్పుడు వింటే వెనక్కి తిరిగి చూస్తాను. జుట్టు తడిపిన మందులో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో నేను రాయలేను, నువ్వు ఊహించుకో.

ఇక అసలు సంగతి. నేను ఎవరికీ చెప్పలేదు.

2011 సంక్రాంతి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు చీకటి పడేవేళకు ఒక తల్లీ కూతురూ కదిలి మా ఇంటికి వచ్చారు. పార్లర్ మూసి ఉంది, నేను గారెలు వండుతున్నాను. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, అక్కడే కెరాటిన్ బాండ్లు పెట్టించుకుంది. మర్నాడు పెళ్లిచూపులు. ‘అతికించిన జుట్టని మగపెళ్లివారికి తెలిస్తే పరువు పోతుంది, ఈ రాత్రికే తీసేయాలి, ఎంతైనా ఇస్తాను’ అంది తల్లి. ‘ఎంతైనా’ అన్న మాట విన్నాక నేను తాళం చెవి కోసం వెతికాను. పొయ్యి మీద నూనె అలాగే వదిలేశాను. మీ మామయ్య ఆర్పాడు.

కుర్చీలో కూర్చోబెట్టి జడ విప్పాను. మూడు నాలుగు నెలలకు తీయించాల్సినవి ఐదు నెలలైనా అలాగే ఉన్నాయి. జుట్టు నెలకు సెంటీమీటరు పెరిగిందనుకున్నా, బాండ్లు నెత్తికి ఐదు సెంటీమీటర్ల కిందికి జారి, ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. కణతల దగ్గర జుట్టు పల్చబడి ఉంది. కుడి చెవి వెనక బొటనవేలంత మేర చర్మం నున్నగా మెరుస్తోంది. నేను చూశాను కోడలా. మూడు సార్లు చూశాను. చెబితే లేచి ఇంకో పార్లర్‌కు వెళ్లిపోతారేమోనని నోరు మెదపలేదు. ‘గంటలో అయిపోతుంది’ అన్నాను. నూట ఇరవైకి పైగా ఉన్నాయి బాండ్లు. గంటలో ఎలా అవుతాయి?

మెత్తబడుతుంది కదా అని ముందు షాంపూతో తల కడిగాను. అదీ నేను చేసిన పని. చిక్కు పడ్డ జుట్టును తడిపితే ఏమవుతుందో కోనసీమలో పుట్టిన వాళ్లకు ఒకరు చెప్పాలా? తడి కొబ్బరిపీచును అరచేతుల మధ్య నలిపితే తాడవుతుంది. వెనకవైపు జుట్టంతా అలాగే బిగుసుకుంది. తర్వాత రిమూవర్ వేస్తే తడి మీద సగమే పనిచేసింది. రాత్రి పదకొండు దాటింది. తల్లి ప్రతి ఐదు నిమిషాలకూ గడియారం చూసి ‘ఇంకా ఎంతసేపు’ అంటోంది. చెవి వెనక మూడు బాండ్లు నలగలేదు. ఓపిక పోయింది. మెలిపెట్టి లాగాను.

అమ్మాయి అరవలేదు. కుర్చీ చేతిని పట్టుకుంది, చెంప ఎర్రబడింది. నా వేళ్లలోకి ఒక పాయ కుదుళ్లతో సహా వచ్చింది.

మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, నరసాపురం లేసు అల్లేది. నీకు గుర్తుండదు, నువ్వు పుట్టే నాటికి ఆమెకు చూపు తగ్గింది. దారం చిక్కుపడితే నన్ను లాగనిచ్చేది కాదు. పళ్లెంలో పరిచి, చిక్కును వదులు చేస్తూ, ఇంకా పెద్దది చేస్తూ పొమ్మనేది. లాగితే చిన్నదవుతుంది, చిన్నదైతే బిగుస్తుంది అనేది. పదేళ్ల వయసులో నేర్చుకున్న ఆ పని నలభై దగ్గరపడ్డాక, నాలుగు నోట్ల కోసం మరిచిపోయాను.

రాత్రి ఒంటిగంటకు అయిపోయింది. నేల మీద రాలిన జుట్టు కుప్ప చూసి తల్లి గుండెలు బాదుకుంది. నాకు భయం వేసి, ‘మీ అమ్మాయికి ముందే ఊడిపోయి ఉందండీ, మీరు వచ్చినప్పుడే చూశాను’ అన్నాను. ‘చూశావా? చూసి ఎందుకు చెప్పలేదు?’ అంది ఆమె. ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి మాత్రం అద్దంలోంచి నన్ను చూసి, ‘ఆంటీ, పాపిట కొంచెం పక్కకు తీస్తే కనపడదేమో’ అంది. తీశాను. చెవి మీదుగా జుట్టు దించి, పిన్నులు పెట్టి, మర్నాడు కనకాంబరాలు ఎక్కడ తురుముకోవాలో చూపించాను. డబ్బు వద్దన్నాను. తల్లి ఐదు వందల నోటు అద్దం ముందు విసిరి వెళ్లింది. ఆ సంబంధం కుదిరిందో లేదో తెలియదు. అమ్మాయి మళ్లీ రాలేదు. ‘బెంగళూరు వాళ్లు పెట్టిన జిగురు మంచిది కాదు’ అని ఏళ్ల తరబడి ఊరంతా చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు నీకు నిజం రాస్తున్నాను.

తర్వాత నేర్చుకున్నాను, ఆ కుప్పలో చాలా భాగం నా వల్ల ఊడింది కాదు. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు సహజంగా రాలతాయి. బాండులో చిక్కినవి కింద పడవు, అక్కడే వేలాడుతూ ఉంటాయి. ఐదు నెలలంటే 150 రోజులు, అందులో సగమే చిక్కినా వేలల్లో ఉంటాయి. ఆ సంగతి మొదలుపెట్టకముందే చెప్పి ఉంటే ఆ తల్లి గుండెలు బాదుకునేది కాదు. నువ్వు తెల్లగుడ్డ ఒకటి పక్కన పెట్టుకో. రాలిన జుట్టు దాని మీద పరిచి చూపించు. కొసన చిన్న తెల్లటి గింజలాంటిది పొడిగా ఉంటే అది తన కాలం తీరి రాలినది. ఏ గింజా లేకపోతే మధ్యలో తెగినది. గింజతోపాటు మెత్తటి, జిగటగా ఉండే పొర కూడా అంటుకుని వస్తే అది పెరుగుతున్న వెంట్రుక, బలంగా లాగడం వల్ల వచ్చింది. అలాంటివి గుడ్డ మీద కనిపిస్తే వాటిని మడతలో దాచేయకు, నీ చెయ్యి ఆపు.

కాబట్టి నీ కుర్చీలో ఎవరు కూర్చున్నా, సీసా మూత తీయకముందు చేతి అద్దం తియ్యి. కణతలు, చెవుల వెనక, మెడ పైభాగం చూపించు. ‘ఇక్కడ పల్చగా ఉందమ్మా, ఇక్కడ తెగి ఉంది, చూశారా’ అని అడుగు. ఒప్పుకుంటే ఫోటో తియ్యి. నోటుపుస్తకంలో ఎప్పుడు పెట్టించారు, ఎక్కడ, ఏ రకం, నువ్వు ఏం చూశావు అని రాసి సంతకం పెట్టించు. నీకు మొహమాటం ఎక్కువని నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఇంట్లో ఆకలేసినా అన్నం అడిగేదానివి కాదు. ఈ ఒక్క చోట మొహమాటం వద్దు.

నెత్తి మీద పుండు గానీ, చీము గానీ, ముట్టుకుంటే నొప్పి గానీ ఉంటే చెయ్యి వేయకు, చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు పంపు. నెలల తరబడి లాగుడు వల్ల పల్చబడ్డ జుట్టు, ఆ లాగుడు తొందరగా ఆపేస్తే చాలాసార్లు మళ్లీ వస్తుంది. చర్మం నున్నబడి, కుదుళ్ల గుంటలే కనిపించకపోతే రాకపోవచ్చు. ఆ మాట డాక్టరు చెప్పాలి, నువ్వు చెప్పకు. ‘నూనె రాస్తే వచ్చేస్తుంది’ అని అసలే చెప్పకు.

అరిచే వాళ్లు వస్తారు. ఫోను పైకెత్తి వీడియో తీస్తామనే వాళ్లు వస్తారు. అలా అరిచేవాళ్లలో ఎక్కువమంది భయపడి అరుస్తారు. కూర్చోబెట్టు, మంచినీళ్లు ఇవ్వు, వాళ్ల మాట పూర్తయ్యేదాకా నీ మాట మొదలుపెట్టకు. ‘మీ జుట్టే బలహీనం’ అన్న మాట నీ నోట రాకూడదు. తప్పు నీదైతే వాళ్లు అడగకముందే డబ్బు తిరిగి ఇవ్వు. నీది కాకపోతే పుస్తకం తెరిచి చూపించు, గొంతు పెంచకు. ఆ గాభరాలోనే స్పా అని, సీరమ్ అని ఇంకో వెయ్యి రూపాయలది అంటగట్టే వాళ్లను చూశాను. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే చించినాడ వంతెన దాటి వచ్చి మరీ తిడతాను.

వేరేచోట పెట్టించుకుని నీ దగ్గర తీయించుకోవడానికి వచ్చే వాళ్లే ఎక్కువ ఉంటారు. కసరకు. పెట్టిన చోట తీయమంటే ముఖం చాటేసి ఉంటారు, అందుకే నీ దగ్గరకు వచ్చారు. తలకు ఇంత అని కాకుండా గంటకు ఇంత అని ముందే చెప్పు. మూడు గంటలు పట్టేదాన్ని మూడు గంటలనే చెప్పు. ‘పక్క వీధిలో గంటలో తీస్తామన్నారు’ అంటే అక్కడికే వెళ్లమను, నవ్వుతూ చెప్పు. మర్నాడు ముహూర్తం పెట్టుకుని రాత్రి వచ్చిన వాళ్లకు నాలుగైదు బాండ్లయితే సరే, తలంతా అయితే వద్దను. పెళ్లయ్యాక రమ్మను. శ్రావణంలో ఇలాంటి వాళ్లు వారానికి ఇద్దరు వస్తారు, చూస్తూ ఉండు.

తీశాక చిక్కు చివర్ల నుంచి పైకి దువ్వు, పొడిగా ఉన్నప్పుడే, పెద్దపళ్ల దువ్వెనతో. చిక్కంతా పోయాకే తల తడపాలి. అదే రోజు రంగు వేయడం, స్ట్రెయిటెనింగ్ చేయడం వద్దు. కొత్త సవరం కూడా వెంటనే పెట్టకు, కొన్ని వారాలు తలను ఊపిరి పీల్చుకోనివ్వు. తెగిన చివర్లు అతుక్కోవు, కత్తిరించడం ఒక్కటే దారి. ఆ కత్తిరింపు కూడా అడిగి చెయ్యి.

నువ్వు ఈ పనిలోకి వస్తున్నావంటే నాకు ఎంత గర్వంగా ఉందో మీ నాన్నకు చెప్పలేదు, చెబితే ఇంకో గది అద్దె కూడా నన్నే కట్టమంటాడు. 1998లో నేను కనుబొమలు తీయడం మొదలుపెట్టినప్పుడు ‘పార్లరేమిటి, పరువు తక్కువ’ అన్నవాడే ఇప్పుడు బోర్డుకు ఏ రంగు బాగుంటుందని నన్ను అడిగాడు. ఆకుపచ్చ వద్దను, మందుల దుకాణం అనుకుంటారు.

వచ్చే ఆదివారం ఇక్కడికి రా. నీ ప్లయర్స్, రిమూవర్, ఒక పది బాండ్లు తెచ్చుకో. నా జుట్టు సగం నెరిసింది, మిగిలింది పల్చనే, అయినా పది బాండ్లు ఆగుతాయి. పొద్దున పెట్టు, భోజనం చేసి ఒక నిద్ర తీశాక నువ్వే తియ్యి. నేను కస్టమర్‌లాగా గడియారం చూస్తూ కూర్చుంటాను, ప్రతి ఐదు నిమిషాలకూ ఇంకా ఎంతసేపు అని అడుగుతాను. నొప్పి పుడితే గట్టిగానే అరుస్తాను, మామయ్య కంగారుపడి వస్తాడు, ఏమీ అనుకోకు.

మీ అత్త